చివరి గుంపు లేచేదాకా

అటవీశాఖ ఆఫీసులో దీవికి అనుమతి చీటీ తీసుకోవాలి. రెండు గుడారాలు మాట్లాడాలి. చిన్న గ్యాసు పొయ్యి, మంచినీళ్ళ డబ్బాలు, దోమల చుట్టలు, అన్నయ్యకి ఇష్టమైన ఎండు నెత్తళ్ళు సర్దుకోవాలి. బురదలో జారని చెప్పులు వదినకి కొనాలి, వద్దంటుంది, అయినా కొనాలి. ల్యాబ్ నుంచి బైనాక్యులర్స్ తెచ్చుకోవాలి. గుడారం తలుపు ఈశాన్యం వైపు తెరుచుకునేలా చూడాలి. తాళం వేసే గది గానీ, కట్టిపడేసే తాడు గానీ దగ్గర్లో ఉండకూడదు. మనుషుల్ని దింపిన పడవ దీవిలో నిలవకుండా వెంటనే వెనక్కి వెళ్ళిపోవాలని గార్డుతో గట్టిగా చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, అన్నయ్యని పేరు పెట్టి పిలవడం వదినకి నేర్పాలి.

ఈ చివరి పని తప్ప తక్కినవన్నీ ముగించుకుని అమ్మాజీ అన్ననీ వదిననీ వెంటబెట్టుకుని అటవీశాఖ వారి మరపడవ ఎక్కింది. చూసేవాళ్ళకి సెలవుల్లో పిట్టల్ని చూడ్డానికి బయల్దేరిన కుటుంబంలా ఉండాలని ల్యాబ్‌లో డాక్టర్ హైమవతి చెప్పింది. అలాగే ఉన్నారు. వీరబాబు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సత్యవేణి తలలో కనకాంబరాలు పెట్టుకుంది. కాకపోతే వీరబాబు పడవలో ఎటు తిరిగి కూర్చున్నా మెడ మాత్రం కాసేపటికి ఈశాన్యానికి మళ్ళేది. సత్యవేణి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకునేది. మళ్ళీ మళ్ళేది.

“ఒసే అమ్మాజీ, మన వంశంలో టిక్కెట్టు కొనుక్కుని పడవెక్కినోడిని నేనే మొదలు,” అన్నాడు వీరబాబు.

“దర్జాగా కూర్చో మరి. చుట్టంలాగ.”

“చుట్టాన్నైతే ఆ చుక్కాని ఓసారి నా చేతికిమ్మను.”

“ఇవ్వకండి ఏసుపాదం గారూ,” అంది సత్యవేణి, పడవ నడుపుతున్న గార్డుతో. “ఆ చేతికి చుక్కానిచ్చారంటే మధ్యాన్నం భోజనానికి బర్మాలో తేల్తాం.”

అందరూ నవ్వారు. వీరబాబు కూడా నవ్వాడు. నవ్వుతూనే మెడ తిప్పాడు.

కొంగలదిబ్బ అనే ఆ దీవి గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట ఉంది. పాయ వైపంతా మడ అడవి, బురదలోంచి పొడుచుకొచ్చిన వేళ్ళు, వాటిమధ్య చెక్కలతో వేసిన నడకదారి. సముద్రం వైపు సరుగుడు చెట్లు, ఇసుక, యాత్రికులకి గుడారాలు వేసే ఖాళీ నేల, పక్షుల్ని చూడ్డానికి ఎత్తైన మంచె. చలికాలానికి ఉత్తరాది మంచు దేశాలనుంచి దిగిన ఉల్లంకి పిట్టలు ఎండలు ముదిరేసరికి ఇక్కడినుంచే వెనక్కి బయల్దేరతాయి. ఇప్పుడు అవి వెళ్ళిపోయే రోజులు. రోజూ సాయంత్రం ఏదో ఒక గుంపు లేచి, దీవిమీద ఒక చుట్టు చుట్టి, సముద్రం మీదుగా ఈశాన్యానికి సాగిపోతుంది.

చివరి గుంపు లేచేదాకా వీరబాబుని ఒడ్డుమీద నిలబెట్టగలిగితే అతను బతికినట్టే. అమ్మాజీ ఈ దీవికి వచ్చింది అందుకు.

---

అమ్మాజీ వాళ్ళ నాన్న పొగమంచులో దారి తప్పి సముద్రం మీదే పోయాడు. ఒడ్డుకి కూతవేటు దూరంలోనే తిరిగి తిరిగి, ఒడ్డు ఎటుందో తెలియక లోపలికి వెళ్ళిపోయాడని తరవాత తేలింది. అతని జేబులో దారి చూపించే యంత్రం ఉంది. తడిసి చచ్చిపోయింది. ఆ ఏడాది పదో తరగతి పాసైన అమ్మాజీని చదువు మాన్పించమన్నారు అందరూ. వీరబాబు ఒప్పుకోలేదు. తను చేపల వేటకి వెళ్ళి, వలలు కుట్టి, చెల్లెల్ని సైన్సు డిగ్రీ దాకా లాక్కొచ్చాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. డాక్టర్ హైమవతి ల్యాబ్‌లో సహాయకురాలిగా ఉద్యోగం వచ్చిన రోజు వీరబాబు ఊరంతా కాజాలు పంచాడు.

“జేబులో యంత్రం తడిస్తే పాడవుతుంది. కన్ను పుట్టినప్పటినుంచీ తడుస్తూ ఉండేదే,” అంది హైమవతి మొదటిరోజు. ఆమె పని అంతా ఆ ఒక్క మాటలో ఉంది. వలస పక్షి కంట్లో ఒక పదార్థం ఉంటుంది. భూమికున్న అయస్కాంత శక్తి దానికి తగులుతుంది. పిట్టకి దిక్కు తెలియడం కాదు, కనిపిస్తుంది. ఆ పదార్థాన్ని మనిషి కంట్లో పుట్టించే చుక్కల మందు తయారుచేసింది హైమవతి. ఓ నెల పనిచేసి దానంతటదే కరిగిపోవాలి. మొదట ల్యాబ్ వాచ్‌మన్ చిట్టబ్బాయి ముందుకొచ్చి వేయించుకున్నాడు. అతనికి ఏమీ కాలేదని తేలాక వేటకి వెళ్ళే మనిషి ఒకడు కావాలంది.

“మా అన్నయ్య ఉన్నాడు మేడమ్,” అంది అమ్మాజీ.

చుక్కలు అమ్మాజీయే వేసింది. కుర్చీలో తల వెనక్కి వాల్చి, “మంటెడితే నిన్ను అత్తారింటికి పంపేత్తాను, చూసుకో,” అన్నాడు వీరబాబు. మంట పెట్టలేదు. మర్నాడు కిటికీ లేని గదిలో తిరుగుడు కుర్చీ మీద కూర్చోబెట్టి గిరగిరా తిప్పి ఆపారు. ఎన్నిసార్లు తిప్పినా వేలు ఒకే వైపు చూపించాడు.

“ఎలా చెప్పావు?”

“చెప్పడమేంటే? కనపడతంది కదా. అటుపక్కన నీళ్ళలో ఇంకు చుక్కేసినట్టు పలచగా నీడ ఉంది. మీకు లేదా?”

ఆ చలికాలంలో ఒకరోజు పొగమంచు దట్టంగా కమ్మేసింది. చెయ్యి చాపితే చెయ్యి కనిపించని ఆ తెల్లదనంలో వీరబాబు పడవ ముందుండి, వెనక ఊళ్ళో పడవలన్నీ వరసకట్టి, గీత గీసినట్టు నేరుగా ఒడ్డుకి వచ్చాయి. ఒడ్డున ఆడవాళ్ళు ఏడుస్తూ నవ్వారు. వీరబాబుని భుజాలమీద ఎత్తుకుని ఊరేగించారు. ఆ పూట అమ్మాజీ ఒక్కతే ఇంటివెనక కూర్చుని, నాన్నకి ఇది అందలేదు గదా అని కుమిలి కుమిలి ఏడ్చింది. ఏడ్చి, లేచి, మొహం కడుక్కుని, మా అన్నయ్యకి అందింది గదా అనుకుంది.

నెల దాటింది, నీడ పోలేదు. కన్ను ఆ పదార్థాన్ని సొంతంగా తయారుచేసుకోవడం నేర్చుకుంది. ఇంకా మంచిదే కదా అనుకున్నారు ల్యాబ్‌లో. ఎండలు మొదలయ్యాయి. చిట్టబ్బాయి తిండి రెట్టింపైంది, నిద్ర పోయింది. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళంతా వణికేది. ఈశాన్యానికి నడుచుకుంటూ పోయేవాడు. అడ్డొస్తే గోడ ఎక్కేవాడు. భయపడి ఆస్పత్రిలో పెట్టి గదికి తాళం వేశారు. పంజరంలో పెట్టిన వలసపిట్ట ఒకే మూలకి కొట్టుకుంటుంది. చిట్టబ్బాయి కూడా ఆ గది ఈశాన్యపు మూలకి కొట్టుకున్నాడు. మందు ఇచ్చి పడుకోబెడితే, తెలివి రాగానే మళ్ళీ కొట్టుకున్నాడు. తలుపు తీసేసరికి తల పగిలి పోయి ఉన్నాడు, గోడంతా నెత్తురు.

“దిక్కు ఒక్కటే ఇచ్చామనుకున్నాను,” అంది హైమవతి ఆ శవం దగ్గర. “దిక్కుతోపాటు పిట్ట ప్రయాణం కూడా ఒంట్లోకి వెళ్ళింది.”

అప్పటికి వీరబాబు అన్నం మూడోసారి పెట్టించుకోవడం మొదలుపెట్టి వారమైంది.

ఒక సాయంత్రం అతను ఒడ్డున నడుస్తూ నడుస్తూ నీళ్ళలోకి దిగాడు. “అన్నయ్యా!” అని అమ్మాజీ అరిచింది. “బావా!” అని సత్యవేణి అరిచింది. వినపడనట్టే పోతున్నాడు, గొంతుదాకా నీళ్ళు వచ్చాయి. వెనకనుంచి హైమవతి, “వీరబాబూ!” అంది. అంతే. నిద్రలోంచి లేచినట్టు వెనక్కి తిరిగి, “నేనెందుకు తడిశానే?” అన్నాడు. తరవాత ఎన్నిసార్లు చూసినా అంతే. వరసలు పనిచేయలేదు. పేరొక్కటే పనిచేసింది.

“పుట్టాక ‘ఇది నన్నే’ అని మనిషికి తెలిసిన మొదటి మాట అది,” అంది హైమవతి. “ఆ లోతుకి ఇంకేదీ దిగదేమో. పిట్టకి పేరు లేదు అమ్మాజీ. మనకున్న ఆధారం అదొక్కటే. గదిలో పెట్టొద్దు, కట్టొద్దు. ఆరుబయట ఉంచండి, అయినవాళ్ళు పక్కన ఉండండి, వెళ్ళబోతే పిలవండి. ఆఖరి పిట్ట వెళ్ళిపోతే ఈ ఏటికి ఇతని ఒంట్లో పోరు ఆగుతుంది. వచ్చే ఏటికి విరుగుడు నేను కనిపెడతాను.”

---

“చెప్పు వదినా. వీరబాబూ. అను.”

“ఛ. నా వల్ల కాదు.”

“ఎవరూ లేరు వదినా ఇక్కడ. మనిద్దరమే.”

గుడారంలో సత్యవేణి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ పేరు ఆమె నోటినుంచి రాలేదు. రేషను కార్డువాళ్ళు అడిగినా పక్కింటామె చేత చెప్పించింది.

“వీ...” అంది, ఆగింది. “వీర...” అంది. మళ్ళీ కొంగు నోట్లో పెట్టుకుంది.

“వీరబ్రహ్మం అంటావేమోలే,” అని బయటనుంచి వీరబాబు గొంతు. “ఏం, కష్టంగా ఉందా? నీ పేరు నేను రోజుకి వందసార్లు అరుస్తాను, నాకేం అవ్వలేదు.”

“నువ్వు పోయి పిట్టల్ని చూసుకో బావా!”

“చూస్తన్నాను. అయ్యీ నవ్వుతున్నాయి.”

ఆ పగళ్ళు బాగుండేవి. అబద్ధం ఎందుకు, నిజంగా బాగుండేవి. ముగ్గురూ కలిసి నడకదారి మీద మడ అడవిలోకి వెళ్ళేవాళ్ళు. సత్యవేణి మొదటిసారి బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకుని, “అమ్మబాబోయ్, మొహం మీద వాలిపోతందే!” అని చేత్తో తోలింది. లకుముకి పిట్ట చేపని పట్టి కొమ్మకేసి కొట్టడం చూసి, “దీనికి కూర వండ్డం కూడా వస్తే బాగుండు, నాకు పని తప్పుద్ది,” అంది. ఇంటిపని లేకుండా, వల కుట్టకుండా, చేపల తట్ట ఎత్తకుండా ఆమె ఒక పూట కూర్చోవడం అమ్మాజీ ఎప్పుడూ చూడలేదు. ఏసుపాదం రోజూ మధ్యాహ్నం నీళ్ళ డబ్బాలు తెచ్చి, ఒడ్డున దింపి, పడవ దిగకుండానే తిరిగి వెళ్ళిపోయేవాడు.

సాయంత్రాలు వేరు. ఎండ వాలుతూండగా ఉల్లంకులు ఇసుకమీద గుంపుకట్టేవి. వీరబాబు గుడారం ముందు అటూ ఇటూ తిరిగేవాడు. చేతులు వణికేవి. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయేది. గుంపు ఒక్కసారిగా పైకి లేవగానే అతని కాళ్ళు నీళ్ళవైపు పరిగెత్తేవి.

మొదటిసారి అమ్మాజీయే పిలిచింది. పెద్దవాణ్ణి పేరుపెట్టి పిలుస్తుంటే నాలుక తడబడింది. రెండోరోజు అమ్మాజీ మంచినీళ్ళ డబ్బా మోస్తూ చెట్ల వెనక ఉండిపోయింది. వీరబాబు మోకాలిలోతు దాటాడు. అప్పుడు వినపడింది, పొలికేకలాగ, “వీరబాబూ!”

అతను ఆగాడు. తిరిగాడు. ఒడ్డున సత్యవేణి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. వీరబాబు నీళ్ళలోంచి నడిచొచ్చి, ఆమె మొహంలోకి చూసి, “బాగానే ఉందే నా పేరు, నీ నోట్లో,” అన్నాడు. ఆమె అతని ఛాతీమీద పిడికిళ్ళతో గుద్దుతూ ఏడ్చింది. ఆ తరవాత ప్రతి సాయంత్రం ఆమే పిలిచింది. ఒక్కసారీ తప్పలేదు.

ఒక మధ్యాహ్నం సరుగుడు నీడలో అన్నాచెల్లెళ్ళిద్దరే కూర్చున్నప్పుడు అమ్మాజీ అడిగింది, “ఏం కనపడుతుంది అన్నయ్యా, అటు?”

వీరబాబు అటే చూస్తూ చెప్పాడు.

“వేటనించి తిరిగొచ్చేటప్పుడు, ఒడ్డు కనపడకముందే వాసనొస్తది. పొయ్యి పొగ, ఎండుచేప, మన పేటలో బురద. ఆ వాసనకి కడుపులో ఒకలాగ అవుద్ది చూడు, అదిగో అలాగుంటది. కాకపోతే అది నేనెప్పుడూ చూడని చోటునించి వస్తంది.” కళ్ళు తుడుచుకున్నాడు. “ఇల్లు నా ఎనకాల ఉందని నాకు తెలుసే. సత్యవేణి ఉంది, నువ్వున్నావు. అంతా తెలుసు. కన్ను ఒప్పుకోటంలేదు.”

“ఇంకెన్నాళ్ళో లేదు అన్నయ్యా. రెండు గుంపులే మిగిలాయి.”

“పోనీకండే నన్ను,” అన్నాడు. “నేను బతిమాలినా పోనీకండి. గట్టిగా ఉన్నట్టు కనపడతాను గానీ నాకు భయంగా ఉంది.”

అన్నయ్య నోట భయం అన్న మాట అమ్మాజీ అదే మొదటిసారి వినడం. చిన్నపిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది.

---

చివరి గుంపు మిగిలిన రోజున వీరబాబు మధ్యాహ్నం నిద్రపోయాడు. ఎన్నో రోజుల తరవాత అతను నిద్రపోవడం. సత్యవేణి అతని తల దగ్గర కూర్చుని తువ్వాలుతో విసురుతూ, అమ్మాజీవైపు చూసి కళ్ళతోనే నవ్వింది. నిద్ర లేచాక వణుకు లేదు. చెమట లేదు. అన్నం కూడా మామూలుగానే తిన్నాడు.

“తగ్గిపోయిందంటావా?” అంది సత్యవేణి గుసగుసగా.

“గుంపు లేచేదాకా ఏమీ అనుకోకు వదినా. నేను మంచె ఎక్కి చూస్తాను, పైనుంచైతే మొత్తం కనపడుతుంది. ఒక్క పిట్ట కూడా మిగల్లేదని మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పాలి. నువ్వు అన్నయ్య దగ్గరే ఉండు. వణుకు మొదలైతే, నీళ్ళవైపు పరిగెత్తితే పిలువు.”

“నాకు చెప్పాలా? పేరు నాలుకమీదే ఉంది.”

ఆ రోజు ఏసుపాదం ఆలస్యంగా వచ్చాడు. ఒడ్డున అందుకునేవాళ్ళు లేకపోవడంతో, పడవకి లంగరు వేసి, డబ్బాలు రెండు భుజాలమీద పెట్టుకుని వంట దగ్గరికి తెచ్చాడు. సత్యవేణి, “రోజూ మాకోసం ఎండలో తిరుగుతున్నారు, ఓ ముద్ద తిని వెళ్ళండి,” అని కంచం పెట్టింది. అతను కూర్చున్నాడు. అందులో తప్పేముంది?

మంచెమీదనుంచి అమ్మాజీ చూస్తోంది. ఇసుకమీద ఉల్లంకులు కిక్కిరిసి ఉన్నాయి. గాలి దక్షిణం నుంచి వీస్తోంది. ఉన్నట్టుండి ఇసుకే పైకి లేచినట్టు గుంపంతా లేచింది. దీవి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఎండకి ఒకసారి తెల్లగా, ఒకసారి నల్లగా మెరిసి, సముద్రం మీదికి సాగింది. ఇసుక ఖాళీ. ఒక్కటి కూడా మిగల్లేదు. అమ్మాజీ ఫోన్ తీసింది.

“లేచింది మేడమ్! చివరి గుంపు లేచింది! వెళ్ళిపోయాయి, మొత్తం వెళ్ళిపోయాయి!”

అవతల హైమవతి ఏడుస్తోంది. అమ్మాజీ కూడా ఏడుస్తూ నవ్వుతోంది. అప్పుడు వినపడింది మరపడవ చప్పుడు.

ఏసుపాదం వెళ్తున్నాడు కాబోలు అనుకుంది. కానీ చప్పుడు పాయవైపు పోవడంలేదు, సముద్రంవైపు పోతోంది. బైనాక్యులర్స్ పెట్టుకుంది. చుక్కాని దగ్గర వీరబాబు నిలబడి ఉన్నాడు. లుంగీ ఎగ్గట్టాడు, తలకి తువ్వాలు చుట్టాడు. మొహం ప్రశాంతంగా ఉంది, ఎన్నో ఏళ్ళుగా ఆమెకి తెలిసిన అన్నయ్య మొహం. పడవ గుంపు కిందుగా, గుంపు వెళ్ళేవైపే పోతోంది.

“వీరబాబూ!” అని అరిచింది. “వీరబాబూ!”

మంచె నిచ్చెన మీద అడుగుల చప్పుడు. సత్యవేణి ఆయాసపడుతూ పైకొచ్చి, ఆమె నోరు చేత్తో గట్టిగా మూసేసింది. రెండో చేతిలో ఖాళీ బిందె ఉంది. చీర అంచు తడిసి ఉంది. మొహం వెలిగిపోతోంది.

“అరవకే! ఎనకనించి పిలవకు! వేటకెళ్తన్నాడు మీ అన్నయ్య!”

అమ్మాజీ ఆమె చెయ్యి లాగేసింది. “ఏమన్నావు?”

“వేటకే అమ్మాజీ. వణుకు లేదు, తూలడం లేదు. లేచాడు, లుంగీ ఎగ్గట్టాడు, తలకి చుట్టుకున్నాడు. రోజూ మనింట్లోంచి ఎలా ఎల్తాడో అలాగే. ఏసుపాదం గారు ‘నా పడవ’ అని అరవబోతే, ‘ఓ చుట్టు తిరిగొచ్చేత్తాడు’ అని నేనే ఆగమన్నాను. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. తగ్గిపోయి వేటకి ఎల్తుంటే ఎనకనించి పిలిచి నా చేతులారా కీడు తెచ్చుకోనా? ‘ఎక్కడికి’ అని కూడా అడగలేదు. గబగబా బిందె ముంచుకుని చెట్ల చాటునించి చుట్టుతిరిగి ఎదురొచ్చాను.” గుండెమీద చెయ్యి వేసుకుంది. “నన్ను చూసి నవ్వాడే.”

ఆ పేటలో పుట్టిన ఏ ఆడదైనా అంతే చేస్తుంది. వేటకి బయల్దేరిన మగవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు, ఎక్కడికని అడగకూడదు, నిండు బిందెతో ఎదురురావాలి. అమ్మాజీకి తెలుసు. చిన్నప్పటినుంచీ తను కూడా పాటించింది. డిగ్రీ చదివిన అమ్మాజీ వదినకి పేరు పెట్టి పిలవడం నేర్పింది. వణుకుతూ పోతే పిలవమని చెప్పింది, పరిగెత్తితే పిలవమని చెప్పింది. మామూలు మనిషిలా, పనికి పోయేవాడిలా నెమ్మదిగా నడిచిపోతే ఏం చేయాలో చెప్పలేదు. అలా పోతాడని ఆమెకీ తెలియదు, హైమవతికీ తెలియదు. ఒంట్లో పోరు దారి మూసినప్పుడే. దారి దొరికాక పోరు ఎందుకుంటుంది?

చేతిలో ఫోన్‌లోంచి హైమవతి “అమ్మాజీ! ఏమైంది? అమ్మాజీ!” అంటూనే ఉంది.

సత్యవేణి ఆడపడుచు మొహంలోకి చూసింది. తిరిగి సముద్రంవైపు చూసింది. పడవ అప్పటికి చుక్క. ఆమె చేతిలోంచి బిందె జారి, నిచ్చెన మెట్లకి తగులుకుంటూ కిందికి దొర్లింది. ఆమె మంచె కమ్మీ పట్టుకుని ముందుకు వంగి, గొంతు చినిగేలా పిలిచింది. పిలుస్తూనే ఉంది. ఎండ పోయింది. చుక్క కూడా పోయింది.

---

వెతకని చోటు లేదు. తీరరక్షణ దళం వాళ్ళు వెతికారు, ఊళ్ళో పడవలన్నీ వెతికాయి. కొన్నాళ్ళకి సరుకు ఓడవాళ్ళకి పడవ దొరికింది, చాలా దూరంలో. ట్యాంకులో డీజిల్ చుక్క లేదు. తెడ్డు తెడ్డు స్థానంలో ఉంది. తువ్వాలు బల్లమీద మడతపెట్టి ఉంది. మనిషి లేడు.

హైమవతి మందు సీసాలన్నీ తన చేత్తోనే పారబోసి, జరిగినది మొత్తం రాసి ఇచ్చేసి, ల్యాబ్ తాళాలు అప్పగించింది. ఆమెను విచారణకి పిలిచారు. రాసినది ఎవరో తీసుకున్నారు. దాన్ని చదివి ఇంకెక్కడో ఇంకెవరో ఈసారి ప్రయాణం లేకుండా దిక్కు ఒక్కటే ఇవ్వవచ్చని లెక్కలు కడుతున్నారని అమ్మాజీకి తెలిసింది. అమ్మాజీ ఉద్యోగం మానేసింది. ఆమె చదివిన చదువులో అన్న ప్రాణాన్ని వెనక్కి తెచ్చే పేజీ ఏదీ లేదు.

పేటలో ఎవరూ సత్యవేణిని ఏమీ అనలేదు. ఆమె సరైన పనే చేసిందని ఆడవాళ్ళంతా అన్నారు. అదే ఆమె భరించలేకపోయింది. ఒకరోజు తెల్లవారుజామున ఒడ్డుకి వెళ్ళి, వేటకి బయల్దేరుతున్న పడవలవైపు వెనకనుంచి అరిచింది.

“ఎక్కడికి? ఎక్కడికెళ్తన్నారు? చెప్పి వెళ్ళండి!”

మగవాళ్ళు బిక్కచచ్చిపోయారు. కొందరు పడవలు వెనక్కి లాగేశారు. కొందరు తిట్టుకుంటూ పోయారు. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఒకడు కాళ్ళు పట్టుకుని, “అక్కా, పిల్లలు గలోళ్ళం, అపశకునం పలక్కు,” అని ఏడ్చాడు. ఆమె అతని భుజాలు పట్టుకుని, “ఎక్కడికి తమ్ముడూ?” అని అడిగింది.

పెద్దలు అమ్మాజీని పిలిపించారు. వాళ్ళు కఠినంగా మాట్లాడలేదు. పడవలు వెళ్ళేవేళ మీ వదినని ఇంట్లో ఉంచు తల్లీ, మా కడుపులు కొట్టకు అన్నారు. అందుకని పడవలు కదిలేవేళకి అమ్మాజీ తలుపు గడియ పెట్టి, గడియకి వీపు ఆనించి కూర్చుంటుంది. తాళం వేసే గది ఉండకూడదని తిరిగిన మనిషి ఇప్పుడు తనే గడియ అయింది. సత్యవేణి కొట్టుకోదు, గోల చేయదు. ఎదురుగా నేలమీద కూర్చుంటుంది. ఒడ్డునుంచి మరపడవల చప్పుడు మొదలవగానే, తలుపుకేసి చూస్తూ, పసిపిల్లని అడిగినంత మెల్లగా, “ఎక్కడికి?” అంటుంది. ఒక్కో పడవకీ ఒక్కోసారి. చివరి పడవ చప్పుడు సద్దుమణిగేదాకా.

ఇది చదివినవాళ్ళకి ఒక విన్నపం. వీరబాబుని తలుచుకునేవాళ్ళు ఉన్నారు. పేపర్లో ఫోటో పడింది, పెద్ద పెద్ద సభల్లో అతని కళ్ళగురించి మాట్లాడుకుంటున్నారు. సత్యవేణి పేరు ఎక్కడా రాలేదు, రాదు. రేపు మీరు ఏదో పనిమీద గడప దాటుతుండగా ఇంట్లోంచి ఎవరైనా “ఎక్కడికి?” అని అడిగితే, విసుక్కోకండి. వెనక్కి తిరగండి. ఫలానా చోటికని, ఇంత పొద్దుకి వచ్చేస్తానని చెప్పండి. చెప్పేటప్పుడు ఒక్కసారి సత్యవేణిని గుర్తుచేసుకోండి.